పెట్టిన చెవికి పూచీ ఎవరు?

పుట్టుచెవుడు ఉన్న బిడ్డకు ఆపరేషన్ చేసి వినికిడి తెప్పించడం దేవుడి నిర్ణయానికి అడ్డం వెళ్లడమేనా? నా వృత్తిలో ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది. అడిగేవాళ్లు చదువుకోనివాళ్లే అనుకోకండి. బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైన ఒక తాతగారు మనవరాలి ఫైలు ఒళ్లో పెట్టుకుని, "అమ్మా, పూర్వజన్మలో చేసుకున్నది అనుభవించకుండా తప్పించేస్తే అది ఇంకో జన్మకు వాయిదా పడదా?" అని అడిగారు. వాదన కోసం అడగలేదు, నిజంగానే భయపడుతున్నారు. పాస్టరు గారితో ప్రార్థన చేయించుకున్నాకే సంతకం పెడతామన్నవాళ్లు ఉన్నారు. ఇస్తిఖారా నమాజు చేసుకుని నిర్ణయానికి వచ్చిన దంపతులూ ఉన్నారు. నేను డాక్టర్ని కాదు. కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టిన పిల్లలకు వినడం, మాట్లాడడం నేర్పే స్పీచ్ థెరపిస్టుని. అయినా థెరపీ గది తలుపు వేశాక నా ముందుకొచ్చే ప్రశ్నల్లో సగం ధర్మానికి సంబంధించినవే.

ఆ తాతగారికి నేను అశ్వినీ దేవతల సంగతి చెప్పాను. ఋగ్వేదంలో విశ్పల అనే వీరవనిత ప్రస్తావన వస్తుంది. రాత్రి పోరులో ఆమె కాలు తెగిపోతే దేవవైద్యులైన అశ్వినులు ఆమెకు ఇనుప కాలు అమర్చారని ఒక సూక్తం వాళ్లను కొనియాడుతుంది. కాలు పోవడం ఆమె ప్రారబ్ధం, మధ్యలో మీరెందుకు కల్పించుకున్నారని అక్కడ ఎవరూ వాళ్లను నిలదీయలేదు. కర్మ సిద్ధాంతం మన కష్టాన్ని మనం ఓర్చుకోవడానికి పనికొస్తుందేమో గాని, ఎదుటివాడి కష్టాన్ని చూస్తూ కూర్చోవడానికి పనికిరాదు. చెవుడు కర్మ అయితే, ఈ ఆపరేషన్ దొరికే కాలంలో పుట్టడం కూడా ఆ బిడ్డ కర్మే కదా. పైగా మన జిల్లాల్లో మేనరికాలు చేసుకున్న ఇళ్ల నుంచి మా దగ్గరికి వచ్చే పిల్లలు చాలామంది. పెద్దవాళ్లు కుదిర్చిన పెళ్లి ఫలితాన్ని పసిదాని పూర్వజన్మకు అంటగట్టడం నాకు బొత్తిగా నచ్చదు. తాతగారు సంతకం పెట్టారు.

ఆ ప్రశ్న విషయంలో నాకు సందేహం లేదు. దేహాన్ని బాగుచేసుకోవచ్చు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ, నన్ను ఎవరూ అడగని మరో ప్రశ్న నాకు పెద్దదవుతూ వచ్చింది. ఒకరి దేహంలో మనం ఒక వస్తువు పెట్టాక, ఆ వస్తువుకూ ఆ మనిషికీ ఎంతకాలం బాధ్యులం?

ఇది అర్థం కావాలంటే ఇంప్లాంట్ ఏం చేస్తుందో కొంచెం తెలియాలి. హియరింగ్ ఎయిడ్ శబ్దాన్ని పెద్దది చేస్తుంది, అంతే. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో శబ్దాన్ని నరానికి అందించే రోమకణాలు దెబ్బతిని ఉంటే, ఎంత పెద్దది చేసినా లాభం లేదు. అప్పుడు చెవి వెనక ఎముకను తొలిచి, కాక్లియాలోకి సన్నని ఎలక్ట్రోడ్ల తీగ పంపి, నరానికి నేరుగా విద్యుత్ సంకేతాలు ఇస్తారు. మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ అనే సర్జన్ 1978 ఆగస్టులో తన బహుళ ఎలక్ట్రోడ్ల పరికరాన్ని మొదటిసారి ఒక మనిషికి అమర్చారు. ఆయన తండ్రి మందుల షాపు నడిపేవారు. వినికిడి లోపం వల్ల షాపులో తండ్రి పడిన అవస్థ చూస్తూ పెరిగిన కొడుకు ఆయన. ఈ ఆపరేషన్‌లో పెట్టే పరికరం రెండు ముక్కలు. లోపల పెట్టింది లోపలే ఉండిపోతుంది. బయట చెవి మీద ప్రాసెసర్, తలకు అయస్కాంతంతో అతుక్కునే కాయిల్ ఉంటాయి. బయటివి పనిచేయకపోతే లోపలున్నది ఉత్త లోహం.

మన దగ్గర ఇది బీదవాళ్లకు అందిందంటే 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల. లక్షల ఖరీదైన పరికరం కూలీల పిల్లల చెవికి చేరింది. ఆ తర్వాత కేంద్రం కూడా అడిప్ పథకంలో ఒక్కో పిల్లకు 6 లక్షల రూపాయల వరకు ఇవ్వడం మొదలుపెట్టింది. ముంబయిలోని జాతీయ సంస్థ ఆ పని చూస్తుంది. దానికి పెట్టిన పేరు హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా చేసిన అలీ యావర్ జంగ్‌ది. ఈ పథకాలు తెచ్చినవాళ్లకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. ఎందుకో చెప్పాలంటే మా గదిలో జరిగేది చూపించాలి.

రోజూ పొద్దున పిల్లవాడు కూర్చోగానే ఆరు శబ్దాలతో మొదలుపెడతాం. ఆ, ఊ, ఈ, ష్, స్, మ్. మాటల్లో వచ్చే లోస్వరం నుంచి హెచ్చుస్వరం వరకు ఈ ఆరింట్లో వచ్చేస్తాయి. పెదాల కదలిక కనబడకుండా నోటికి అడ్డం పెట్టుకుని ఒక్కో శబ్దం పలుకుతాను. పిల్లవాడు రంగు రింగు ఒకటి చెవి దగ్గర పట్టుకుని చెవి ఒగ్గి ఉంటాడు. వినపడితే రింగును కర్రకు తొడుగుతాడు. కొత్తలో 'ఆ' దొరుకుతుంది, 'స్' దొరకదు. నేను 'స్' అంటాను, రింగు కదలదు. నెలల తరబడి కదలదు. వాళ్లమ్మ వెనక కుర్చీలో ఊపిరి బిగబట్టుకుని చూస్తుంటుంది. ఆడియాలజిస్టు మ్యాపింగ్‌లో కరెంటు స్థాయిలు సరిచేస్తారు, మళ్లీ మొదలుపెడతాం. ఒక రోజు 'స్' అనగానే రింగు వెళ్లి కర్ర మీద పడుతుంది. ఆ రోజు ఆ తల్లి నాతో ఏమీ మాట్లాడదు. చెంగుతో మొహం తుడుచుకుని, ప్రాసెసర్ డబ్బా సర్దుకుని వెళ్లిపోతుంది.

ఇంటి దగ్గర ఆమె పడే పాట్లు వేరు. ఎండాకాలం చెమటకు ప్రాసెసర్ తడుస్తుందని గంటగంటకీ తుడుస్తుంది. రాత్రి డ్రై బాక్సులో పెట్టి పడుకుంటుంది. పిల్లాడు కాలవలో పారేస్తాడేమోనని దానికి దారం కట్టి చొక్కా కాలరుకు పిన్నీసు పెడుతుంది. స్విచాన్ చేసిన రోజు నుంచి వినికిడి వయసు లెక్కపెడతాం. మూడేళ్ల పిల్లాడికి వినికిడి వయసు నాలుగు నెలలే కావచ్చు. ఆ నాలుగు నెలల వయసు నాలుగేళ్లయ్యేదాకా బస్సెక్కి మా దగ్గరికి తీసుకొచ్చేది ఆమే. ఆపరేషన్ టేబుల్ మీద జరిగింది కొన్ని గంటల పని. మిగతాదంతా ఆమె ఆయుష్షు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మిర్చి కోతలకు వెళ్లే ఇంటి పిల్ల ఒకతె మా దగ్గర మాటలు నేర్చుకుని మామూలు బడిలో చేరింది. ఏడో తరగతిలో ఉండగా ప్రాసెసర్ పాడైంది. వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి వాళ్లు కంపెనీని అడగమన్నారు. కంపెనీ మనిషి ఆ మోడల్ ఆపేశారు, కొత్తది కొనుక్కోవాలి అన్నాడు. దాని ఖరీదు లక్షల్లో ఉంది. పథకం ఆఫీసులో మేం ఇచ్చేది ఆపరేషన్‌కే, తర్వాతది మాకు సంబంధం లేదు అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరి కాగితం ప్రకారం వాళ్లు మాట్లాడారు. ఆ పిల్ల పాడైన ప్రాసెసర్‌నే చెవికి పెట్టుకుని బడికి వెళ్లేది. ఎందుకమ్మా అని అడిగితే, అది లేకపోతే మూగది అంటారంది. ఆ మాట కూడా అప్పటికే పొడి పొడిగా వస్తోంది. తన గొంతు తనకు వినపడకపోతే పలుకు క్రమంగా జారిపోతుంది.

ఇంకో సంగతి గమనించండి. ఆ పిల్లకు సైగల భాష రాదు. చెవి వస్తోంది కదా, సైగలు నేర్పితే మాట రాదేమో అని ఎవరూ నేర్పలేదు. మాట పోయాక చేతికి దొరికే రెండో భాష లేదు. ఏ ఆపరేషనూ చేయకపోతే ఆమె బధిరుల బడిలో చేరి, తనలాంటి పిల్లల మధ్య సైగలతో చదువుకుంటూ ఉండేది. ఇప్పుడు ఇటు చెవి ఉన్నవాళ్లలోనూ లేదు, అటు సైగ తెలిసినవాళ్లలోనూ లేదు.

వ్యాస భారతం ఆదిపర్వంలో శకుంతల తన పుట్టుక గురించి కణ్వుడు చెప్పిన మాట ఒకటి వినిపిస్తుంది. దేహాన్ని ఇచ్చినవాడు, ప్రాణం కాపాడినవాడు, అన్నం పెట్టినవాడు, ఈ ముగ్గురినీ ధర్మం తండ్రులుగానే లెక్కిస్తుందని ఆయన అంటాడు. కణ్వుడు ఆమెను కనలేదు. పక్షులు కాపలా కాస్తున్న పసికందును అడవిలో చూసి ఎత్తుకొచ్చాడు, పెంచాడు. అందుకే నేను తండ్రినన్నాడు. నాకు ఈ మాట మా వృత్తి కోసమే చెప్పినట్టు ఉంటుంది. ఒక బిడ్డకు లేని చెవి తయారు చేసి ఇచ్చినవాడు ఆ దేహంలో కొంత భాగానికి కర్త అయ్యాడు. తండ్రి స్థానంలోకి వచ్చాడు. ఇచ్చినవాడికి పుచ్చుకున్నవాడు ఋణపడి ఉండాలని మనం సాధారణంగా అనుకుంటాం. ఇక్కడ ఋణం ఇచ్చినవాడిదే.

ఆ కథలోనే ఇంకా ముందుకు వెళితే దుష్యంతుడి కొలువు వస్తుంది. కాళిదాసు నాటకంలో రాజుకు శాపం వల్ల మరపు వచ్చింది. వ్యాసుడు అంత వెసులుబాటు ఇవ్వలేదు. భారతంలో దుష్యంతుడికి అన్నీ గుర్తున్నాయి, గుర్తుండే నువ్వెవరో తెలియదన్నాడు. కన్నకొడుకు ఎదురుగా నిలబడి ఉండగా అన్నాడు. చివరికి ఆకాశవాణి కల్పించుకుని నీ కొడుకును నువ్వు పోషించు అని చెప్పాల్సి వచ్చింది. ఆ మోడల్ ఆపేశాం అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ కొలువు కళ్ల ముందు మెదులుతుంది. పుట్టించడం వరకేనా, పోషించడం ఎవరి పని?

ఇది మన బీదరికం వల్ల వచ్చిన చిక్కు అనుకోవద్దు. అమెరికాలో కాలిఫోర్నియా కంపెనీ ఒకటి, సెకండ్ సైట్ దాని పేరు, చూపు పోయినవాళ్ల రెటీనా మీద 60 ఎలక్ట్రోడ్ల పరికరం పెట్టింది. ఆర్గస్ 2 అంటారు. 2013లో అక్కడి ఎఫ్‌డీఏ అనుమతించింది. ఖరీదు దాదాపు లక్షన్నర డాలర్లు. ప్రపంచం మొత్తం మీద 350 మందికి పైగా పెట్టించుకున్నారు. కొంతకాలానికి కంపెనీ ఆ పరికరం గిట్టుబాటు కాదని మానేసింది. విడిభాగాలు లేవు, మరమ్మతు లేదు. ఈ సంగతిని ఐఈఈఈ స్పెక్ట్రమ్ పత్రిక 2022లో బయటపెట్టింది. న్యూయార్క్ మెట్రోలో ఒకావిడ రైలు మారుతుండగా కంటి పరికరం మూడు బీప్ శబ్దాలు చేసి ఆగిపోయింది, మళ్లీ వెలగలేదు. ఆపరేషన్‌తో పెట్టింది కాబట్టి అది ఆమె కంట్లోనే ఉండిపోయింది.

ఆస్ట్రేలియాలో మరో కథ. మూర్ఛ రాబోతోందని ముందే హెచ్చరించే పరికరాన్ని ఒక కంపెనీ ప్రయోగంగా కొందరి మెదడు మీద పెట్టింది. అందులో ఒక మహిళకు జీవితమే మారిపోయింది, ఒంటరిగా బయటికి వెళ్లగలిగింది. ఆ పరికరమూ తానూ ఒకటే అయిపోయామని ఆమె చెప్పుకుంది. కంపెనీ దగ్గర డబ్బు అయిపోయింది, పరికరం తీసేస్తామన్నారు. ఇల్లు తాకట్టు పెట్టైనా దాన్ని కొనుక్కుంటామని భార్యాభర్తలు బతిమాలారు. కుదరలేదు, తీసేశారు. ఫ్రెడరిక్ గిల్బర్ట్ అనే తత్వశాస్త్ర పరిశోధకుడు ఆమెతో మాట్లాడి రాసినవి చదివితే కర్ణుడు గుర్తొస్తాడు. కవచకుండలాలు దేహంతో పుట్టినవి, వాటిని కోసి ఇవ్వడమంటే తనను తాను కోసుకోవడం. కర్ణుడు అడిగితే ఇచ్చాడు, ఆ పేరు అతనికి దక్కింది. ఈమె ఇవ్వనని చెప్పినా తీసేసుకున్నారు.

ఇక్కడ చట్టం దగ్గరికి రావాలి. మన దేశంలో తుంటి మార్పిడి కోసం పెట్టిన ఏఎస్ఆర్ అనే లోహపు కీళ్లను తయారీ కంపెనీ 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అప్పటికి మన దేశంలో సుమారు 4,700 ఆపరేషన్లు జరిగాయి. కేంద్రం వేసిన నిపుణుల కమిటీ లెక్కలు తీస్తే వాళ్లలో ఎక్కువమంది ఎక్కడున్నారో ఎవరికీ తెలియదని తేలింది. ఒంట్లో లోపమున్న లోహం పెట్టుకుని తిరుగుతున్న మనిషి చిరునామా లేదు. వైద్య పరికరాల నిబంధనలు 2017లో వచ్చాయి, పరికరం నాణ్యత గురించి వాటిలో చాలా ఉంది. మనిషి ఒంట్లో చేరాక ఇరవై ఏళ్ల పాటు దాని బాగోగులు చూడాలన్న పూచీ వాటిలో కనబడదు. స్టెంట్ల ధరలకు 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం కళ్లెం వేసింది. లక్షకు పైగా పలికిన మందు పూత స్టెంటు 30 వేల లోపుకి దిగింది. తలచుకుంటే చేయగలరని అది రుజువు. ప్రాసెసర్ల విషయంలో తలచుకోలేదు.

ఇంతవరకు చెప్పింది లోపాన్ని సరిచేయడం గురించి. లేనిది తెచ్చుకోవడం వేరు, ఉన్నదాన్ని పెంచుకోవడం వేరు, మొదటిది ధర్మం, రెండోది అత్యాశ అని చాలామంది గీత గీస్తారు. ఆ గీత మా గదిలోనే చెరిగిపోతోంది. కొత్త ప్రాసెసర్ ఉన్న కుర్రాడు ఫోన్‌లో పాఠాన్ని బ్లూటూత్‌తో నేరుగా నరానికి పంపుకుంటాడు. పక్కింట్లో డీజే మోగుతుంటే కాయిల్ తీసి పక్కన పెట్టి నిశ్శబ్దంగా నిద్రపోతాడు. చెవులున్న వాళ్లన్నకు ఈ రెండు సదుపాయాలూ లేవు. 2024 జనవరిలో న్యూరాలింక్ వాళ్లు మొదటిసారి మెదడులో చిప్ పెట్టింది మెడ కింద చచ్చుబడిన యువకుడికి. కానీ దాని యజమాని ఎలాన్ మస్క్ మనిషి మెదడును కృత్రిమ మేధతో కలపడమే తన లక్ష్యమని దాచుకోకుండా చెబుతూనే ఉన్నారు. చికిత్స అనే తలుపు గుండానే ఈ పెంచుకోవడం లోపలికి వస్తుంది.

అందుకని పెంచుకోవడమంతా పాపం అని నేను అనను. దానికి నా కొలత వేరు. యయాతి కథ చూడండి, అదీ ఆదిపర్వంలోదే, నన్నయ మనకు తెలుగులో ఇచ్చాడు. శుక్రుడి శాపంతో ముసలితనం మీద పడ్డ రాజు, దాన్ని తీసుకుని మీ యౌవనం ఇవ్వండని కొడుకులను అడిగాడు. నలుగురు కాదన్నారు, పూరుడు ఇచ్చాడు. యౌవనం కోరుకోవడం తప్పని ఆ కథ అనదు. యయాతికి వచ్చిన ప్రతి ఏడూ పూరుడి ఒంట్లోంచి వచ్చిందని మాత్రం మనం మరవకుండా చేస్తుంది. వెయ్యేళ్లకు తృప్తి లేదని గ్రహించి ఆయన తీసుకున్నది తిరిగి ఇచ్చేశాడు. ఋణం తీర్చాడు. మనిషి శక్తిని పెంచే ప్రతి పరికరం దగ్గరా నేను ఇదే అడుగుతాను. ఇది ఎవరి ఒంట్లోంచి వస్తోంది?

2016లో హైదరాబాదులో ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఎత్తు పెరగడానికి రెండు కాళ్ల ఎముకలు కోయించుకున్నాడు. అప్పటికే అతను ఐదడుగుల ఏడంగుళాలు. తల్లిదండ్రులకు తెలియకుండా చేశారని టీవీల్లో పెద్ద రగడ అయింది, మెడికల్ కౌన్సిల్ దాకా వెళ్లింది. మేజరైన కొడుకు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలా వద్దా అన్న దాని చుట్టూనే చర్చంతా తిరిగింది. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి తాను పొట్టి అన్న దిగులు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగినవాళ్లు తక్కువ. పెళ్లి చూపుల్లో, సినిమా పోస్టర్లలో, ఆఫీసు ఫొటోల్లో మనమే కదా ఆ టేపు పట్టుకున్నది. అమెరికాలో 2003లో ఏ జబ్బూ లేకుండా పొట్టిగా ఉన్న పిల్లలకు గ్రోత్ హార్మోన్ ఇవ్వడానికి అనుమతి వచ్చింది. ఎత్తులో అట్టడుగున ఉన్న ఒక శాతం మందికి అని చెప్పారు. ఎంతమందిని పెంచినా అట్టడుగున ఒక శాతం మంది ఎప్పుడూ ఉంటారు. ఒకరు పెరిగినకొద్దీ ఇంకొకరు పొట్టివాళ్లవుతారు. ఆ బరువు మోసేది సూది వేయించుకోలేని ఇంటి పిల్ల.

ఇక పుట్టబోయేవాళ్ల మీద చేసే మార్పు దగ్గర నాకు మెత్తదనం లేదు. 2018లో చైనా శాస్త్రవేత్త హే జియాన్‌కుయ్ పిండాల్లో సీసీఆర్5 అనే జన్యువును మార్చి కవల ఆడపిల్లలు పుట్టేలా చేశాడు. తండ్రికి హెచ్ఐవీ ఉంది, పిల్లలకు అది సోకకుండా అన్నాడు. బిడ్డకు సోకకుండా చూసే సులువైన పద్ధతులు అంతకు ముందే ఉన్నాయి. కోర్టు మూడేళ్ల జైలు, 30 లక్షల యువాన్ల జరిమానా వేసింది. శిక్ష అతనికి పడింది సరే, ఆ పిల్లలకు జీవితాంతం పూచీ ఎవరు? వాళ్ల పిల్లలకు ఎవరు? ఆ మార్పు తరతరాలకు వెళుతుంది, మార్చినవాడు తరతరాలు ఉండడు. పోషించే శక్తి లేని చోట పుట్టించే హక్కు లేదని నా అభిప్రాయం.

సంతకం సంగతి కూడా చెప్పాలి. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా ప్రయోగం జరిగినప్పుడు హాస్టళ్లలో ఉన్న గిరిజన బాలికల తరఫున వేల ఫారాల మీద వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేశారు. అప్పుడు జరిగిన మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. ఆ సంతకాల తప్పును మాత్రం పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో గట్టిగా ఎత్తి చూపింది. పసిబిడ్డ తన తరఫున తాను చెప్పలేదు. మా దగ్గరా తల్లిదండ్రులే వేలిముద్ర వేస్తారు. ఆ కాగితంలో ఆపరేషన్‌లో రాగల ప్రమాదాలన్నీ ఉంటాయి. పదో ఏడు ప్రాసెసర్ ఆగిపోతే ఏమవుతుందన్న వాక్యం ఉండదు. చెప్పని విషయానికి తీసుకున్న ఒప్పుకోలు నా దృష్టిలో సగమే.

సైగల భాష బోధించే ఒక బధిర మాస్టారు దుభాషి ద్వారా నాతో వాదించారు. మా అక్క కొడుకుకు ఆపరేషన్ చేయించారు, వాడు నాలా కాకూడదని అన్నారు, నాకేం తక్కువైంది అని అడిగారు. 1990లో అమెరికాలో పిల్లలకు ఈ ఇంప్లాంట్ అనుమతించినప్పుడు అక్కడి బధిరుల జాతీయ సంఘం కూడా ఇదే బాధతో ఎదిరించింది. పదేళ్లకు వాళ్ల వైఖరి మెత్తబడింది. ఆపరేషన్ వద్దన్న ఆయన మాట నేను ఒప్పుకోను. భాష పట్టుబడే తొలి ఏళ్లు బిడ్డకు మళ్లీ రావు. కానీ సైగలను శత్రువుగా చూడడం మానమన్న ఆయన మాట పూర్తిగా ఒప్పుకుంటాను. ఇప్పుడు మా దగ్గరికి వచ్చే ప్రతి తల్లికీ రెండూ నేర్పమంటున్నాను. మిషను ఆగిన రోజు చేతులు మాట్లాడాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో సైగల భాషకు చోటు ఇచ్చింది, బడుల్లో టీచర్లు మాత్రం ఇంకా లేరు.

చేయదగినది ఏమీ లేదనే నిరాశ నాకు లేదు. హైదరాబాదు డీఆర్‌డీఎల్‌లో కలాం గారు క్షిపణికి వాడే తేలికైన పదార్థంతో నిమ్స్‌లోని పోలియో పిల్లలకు కాలిపర్లు చేయించారు. మూడు కిలోల బరువు 300 గ్రాములకు దిగింది. ఆయన ప్రోత్సాహంతోనే టార్పెడోలు చేసే విశాఖపట్నం ఎన్ఎస్‌టీఎల్ స్వదేశీ కాక్లియర్ ఇంప్లాంట్‌ను రూపొందించింది. అది పిల్లల చెవికి చేరే దాకా ఎవరో ఒకరు వెంటపడాలి. ఇవాళ్టికీ మన పిల్లలకు పెడుతున్నవి ఎక్కువగా ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, అమెరికా కంపెనీలవే. కేరళలో శ్రుతితరంగం పథకం కింద ఇంప్లాంట్ పెట్టడంతో పాటు ప్రాసెసర్ మరమ్మతు, మార్పిడి బాధ్యత కూడా ప్రభుత్వమే తీసుకుంది. చిలీ దేశం మెదడు సమాచారానికి రక్షణ కల్పిస్తూ 2021లో రాజ్యాంగాన్నే సవరించుకుంది. రెండేళ్ల తర్వాత అక్కడి సుప్రీంకోర్టు ఒక అమెరికా కంపెనీ చేత మాజీ సెనేటర్ మెదడు రికార్డులు తుడిపేయించింది.

మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను నేను కోరేది పెద్దదేం కాదు. ఎవరి ఒంట్లో ఏ పరికరం ఉందో ఒక రిజిస్టరు ఉండాలి. టెండరు ఇచ్చేటప్పుడే ఇరవై ఏళ్లు విడిభాగాలు ఇస్తామని కంపెనీ రాసివ్వాలి, కంపెనీ మూతపడితే దాని సాఫ్ట్‌వేర్, డ్రాయింగులు ప్రభుత్వానికి చేరాలి. ఆపరేషన్ ప్యాకేజీలో పదేళ్ల మరమ్మతు ఖర్చు కలిసి ఉండాలి. అందుకు డబ్బు చాలకపోతే పిల్లల సంఖ్య తగ్గించమని నేను అనను, డబ్బు పెంచమంటాను.

చదివేవాళ్లకు ఒక మనవి. మీ ఊరి బడిలో చెవి మీద ప్రాసెసర్ ఉన్న పిల్ల గాని పిల్లాడు గాని ఉంటే, అది పనిచేస్తోందా అని వాళ్లమ్మను అడగండి. పనిచేయకపోతే సోమవారం కలెక్టరేట్‌లో తీసుకునే అర్జీల్లో ఒకటి మీరే రాసి పెట్టించండి. ఆపరేషన్ జరిగిన సంవత్సరం, ఏ పథకం కింద జరిగింది, ప్రాసెసర్ మోడల్ నంబరు తప్పకుండా రాయండి. ఆ మూడూ లేని అర్జీ ఒక టేబుల్ దాటి ముందుకు కదలదు.